మనిషికొక మేకు

గత జూలై మొదటి సోమవారం, మధ్యాహ్నం రెండుంబావుకు, ఆటుకు నీరు తీసిన పజుండౌంగ్ కాలువ బురదవాసన మా ప్రయోగశాల కిటికీలోంచి వచ్చింది. ఆ వాసనతో నాకు సూరమ్మగారు గుర్తుకు వస్తారు. మడ చెట్ల మీద నాకు పరిశోధన నేర్పినది ఆవిడే. ఇక్కడి బర్మా భాషలో పంతులమ్మను సయామా అంటారు, పంతులును సయా అంటారు. మాకందరికీ ఆవిడే సయామా. ఆ వేళ నేను నా శిష్యురాలు యశోద ఫోను కోసం ఎదురుచూస్తున్నాను. యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఆమె ఒప్పందం నెలాఖరుకు ముగుస్తుంది. ఒప్పందంతో పాటు నివాసానుమతీ పోతుంది.

నేను చేరిన రోజున సూరమ్మగారు సుత్తి, మేకు చేతికిచ్చి, గోడకు కొట్టుకుని టీకప్పు తగిలించుకోమన్నారు. వెళ్ళిపోయినవారి మేకులనైనా పీకనిచ్చేవారు కాదు. కారణం తరువాత తెలిసింది. యౌవనంలో ఆవిడనూ యూరప్ పిలిచింది. అక్కడ తలుపు మీద పేరు రాయించారట. ఆపైన ఒప్పందాన్ని మూడేసి నెలలు పొడిగిస్తూ పోయారు. ఆవిడ చీరలు పెట్టెలోంచి బీరువాలోకి చేరనే లేదు. చివరి పొడిగింపు సంగతి తేలకముందే ఎవరో ఆవిడ కప్పును అట్టపెట్టెలో సర్దేశారు.

"రమ్మనడానికి పూలట్టుకొచ్చారు, బాబూ. ఉండమనడానికే ఎవులికీ నోరు రానేదు" అని నవ్వుతూ కప్పు తుడుచుకునేవారు.

ఫోనులో యశోద పక్కన ఆమె ఆచార్యుడూ ఉన్నాడు. యువ పరిశోధకులను కొత్తగా రప్పించడానికి నిధులున్నాయనీ, ఉన్నవారిని కొనసాగించే పద్దు లేదనీ, ఆమె పనిని కొత్తవారికి అప్పగిస్తామనీ మర్యాదగానే చెప్పాడు. మేము మాత్రం ఇక్కడి మడ మొలకల నమూనాలు ఎప్పటిలాగే పంపాలట. యశోద తెలుగులో, మెల్లగా అడిగింది:

"సయా, నా మేకు ఉందేటి?"

ఉందన్నాను. ఆ నమూనాలకు ప్రతిగా వాళ్ళు ఇస్తామన్న సూక్ష్మదర్శిని మీద ఇక్కడ ఇద్దరు విద్యార్థుల చదువు ఆధారపడి ఉంది. అయినా, ఆ మొలకలను మొదటినుంచీ చూస్తున్నది యశోద కనుక ఆమె ఉంటేనే నమూనాలు పంపుతామన్నాను. పైవారిని అడుగుతానని ఆయన ముభావంగా అన్నాడు.

ఆ తరువాత నాకు అన్నం సయించలేదు. కరెంటు పోయిన ప్రతిసారీ, ఆ జవాబు ఇప్పుడే వచ్చి తిరిగిపోయిందేమోనని భయం. చివరకు యశోదే ఫోను చేసింది.

"రెండేళ్ళిచ్చారు, సయా. ఈపాలి నా బట్టల పెట్టె ఇప్పీమంతావేటి?"

ఇప్పేయమన్నాను. నా గొంతులో ధైర్యం ఆమెకు వినిపించిందో లేదో తెలియదు.

పోయినవి: సూక్ష్మదర్శిని, ఆ ఆచార్యుడి స్నేహం. మా విద్యార్థులు మరొక కళాశాలలో సాయంత్రాలు పరికరం అడిగి వాడుకుంటున్నారు. మిగిలినవి: యశోదకు రెండేళ్ళు, గోడకు పదిహేడు మేకులు, నా సొరుగులో సయామా సుత్తి. రెండేళ్ళ తరువాత ఏమిటన్నది ఈ లెక్కలో నేను ఏ వైపూ రాయలేదు.