పాలతమ్ముడి చెయ్యి

తరీమ్ ఊళ్ళో మట్టి ఇటుకలు కోసే ఫరజ్ భార్య తుఫ్ఫాహాకు ఉన్నదల్లా ఒకటే గొప్ప. ప్రవక్తగారి వంశపు బిడ్డకు తాను చన్నిచ్చింది. సున్నపు మేడలో దొరసానికి కాన్పయ్యాక పాలు పడలేదు. కబురు రాగానే తుఫ్ఫాహా పరుగెత్తింది. ఉయ్యాలలో తన ఆర్నెల్ల కూతురు ముజ్నా గుక్కపట్టి ఏడుస్తోంది. "ఉండవే, దొరబిడ్డ తాగాక మిగిలిందంతా నీకేగా" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్ళింది. ఏడాది పొడుగునా అదే మాట చెప్పింది.

మేడలో ఆ దొరబిడ్డ జైన్ బొద్దుగా పెరిగాడు. ముజ్నా ఈనెపుల్లలా మిగిలింది. "ఏం తల్లివే, పుణ్యమంతా అక్కడే పోసొచ్చావా?" అని అత్త దెప్పితే తుఫ్ఫాహా నవ్వేసేది. కానీ కూతురి మణికట్టు పట్టుకున్నప్పుడల్లా తప్పు చేశాననుకునేది. మేడ పిలిస్తే కాదనే నోరు ఇటుకలవాళ్ళకు ఎక్కడిదని మళ్ళీ తనే సర్దిచెప్పుకునేది. ఆ సర్దుబాటు ఎప్పుడూ సరిపోయేది కాదు.

ముజ్నా పెళ్ళికి జైన్ వచ్చాడు. ఒకే తల్లి పాలు తాగినవాడు కనుక పెళ్ళికూతురి గదిలోకి రావచ్చు, ఆమె ముసుగు వేసుకోనక్కర్లేదు. "హబీబ్ వచ్చారు, లేవండే!" అంటూ మిగతా ఆడవాళ్ళు గబగబా ముసుగులు లాక్కున్నారు. జైన్ అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. హబీబ్‌లని పిలిచే ప్రవక్త వంశీకుల చెయ్యి ముద్దుపెట్టుకోని మామూలు మనిషి ఆ ఊళ్ళో లేడు. నెరిసిన గడ్డంతో ఫరజ్ కూడా ఆ చేతికి వంగినవాడే.

ముజ్నా వంగలేదు.

"ఒక్కమాట చెప్పు. తమ్ముడిగా వచ్చావా, దొరగా వచ్చావా?"

"అదేం ప్రశ్నక్కా?"

"తమ్ముడివైతే అక్క నుదురు ముద్దుపెట్టుకో. దొరవైతే పరాయి మగాడివి. నన్ను ముసుగు వేసుకోనిచ్చి బయటికి నడు."

జైన్ మొహం కందింది. చెయ్యి వెనక్కి తీసుకుని, సిగ్గుపడుతూ ఆమె నుదుటి వైపు వంగబోయాడు.

తుఫ్ఫాహా అది చూడనేలేదు. కూతురు దొరబిడ్డను నిలదీసిందన్న ఒక్కటే ఆమె తలకెక్కింది. "తప్పు కాయండి హబీబ్! దీనికి బుద్ధిలేదు" అంటూ ఒక చేత్తో అతని చెయ్యి, ఇంకో చేత్తో కూతురి మెడ పట్టి వంచేసింది. "వద్దమ్మా, వద్దు" అని జైన్ అంటూండగానే ముజ్నా పెదవులు ఆ చేతికి తగిలాయి. అతను తలదించుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు పక్కనున్న ముసలమ్మ చెవిలో చెప్పింది, అతను ఎందుకు వంగాడో. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న మాట తనకోసమే పుట్టిందనిపించింది తుఫ్ఫాహాకు. చెయ్యింకా కూతురి సన్నటి మెడ మీదే ఉంది.

ముజ్నా ఏడవలేదు. ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"ఈసారైనా నాకు ముందిస్తావనుకున్నానే అమ్మా" అంది.