గంగాలమ్మ బోర్లా పడుకున్న వారం

చేపల రేవులో గంగాలమ్మతో పెట్టుకుని బాగుపడినవాడు ఒక్కడూ లేడని మల్కాపురంలో అందరూ అనేవారు. పక్కింటి తాయారు ఒకసారి కళ్ళారా చూసింది కూడా. పీతలు కొందామని ఆవిడ వెంట రేవుకెళ్ళిన రోజున, జగ్గయ్య దగ్గర వేలంపాటలో కొన్న చందువా చేపల గంపని గంగాలమ్మ అందరి ముందూ గట్టు మీద కుమ్మరించింది. పై వరస తళతళా మెరుస్తోంది. అడుగునంతా పాత ఐసు సరుకు.

“ఏటి జగ్గయ్య బావా! పైన పెళ్ళికూతుర్ని కూకోబెట్టి, కింద పీనుగుని దాసినావా?”

“సూసుకునే కదా పాడినావు?”

“నాను సూసింది పెళ్ళికూతుర్ని. పీనుగుని నువ్వే మోసుకుపో.”

రేవంతా గొల్లున నవ్వింది. జగ్గయ్య గంప మార్చి ఇచ్చాడు.

మొగుడు సముద్రంలో పోయాక గంగాలమ్మ ఆ నోటితోనే ఇల్లు నిలబెట్టుకుంది. చిన్నతనంలో అమ్మవారు పోసి ఎడమకన్ను పోయింది. మిగిలిన కుడికన్ను ఒక్కటే చేపల మొప్పలు చూసేది, తక్కెడ ముల్లు చూసేది, అప్పుడప్పుడు ఊళ్ళోవాళ్ళ తప్పులూ చూసేది. రెండువేల మూడులో ఆ కన్నూ మొరాయించింది. తక్కెడ కాడ వంకరపోయినట్టు కనబడేది. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు రెండూ కనబడేవి, ముఖం ఉండవలసినచోట మసక ముద్ద. శుక్లమేలే, ముదరనీ అని నెలల తరబడి ఊరుకుంది. ఆవిడ మొండితనం ముందు రాయి నయం. గోదావరి నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన మొగుడి వెంట వచ్చి, పాతికేళ్ళుగా ఆ పక్కింట్లోనే ఉంటున్న తాయారు తిట్టి తిట్టి కంటాసుపత్రికి లాక్కెళ్ళింది.

“శుక్లం కాదమ్మా. కంటి వెనక పొరకి సరిగ్గా నడిమధ్యన చిల్లు పడింది” అంది డాక్టరమ్మ. “లోపలి జిగురు తీసేసి గ్యాసు బుడగ పెడతాం. బుడగ పైకే తేలుతుంది కదా! మీరు ముఖం నేలకి పెట్టి ఉంటేనే అది వెనక పొరని అదిమి చిల్లు పూడుస్తుంది. వారం రోజులు తల ఎత్తకూడదు. ఎత్తారో, చేసిందంతా వృథా కావచ్చు.”

“వలకి మాసికేసినట్టా?”

“అంతే. మాసిక మేం వేస్తాం. కాపలా మీది.”

ఆపరేషనయ్యాక గంగాలమ్మని నులకమంచం మీద బోర్లా పడుకోబెట్టి, ముఖం మంచం అంచు నుంచి కిందికి వేలాడేశారు. తాయారు నేల మీద కూర్చుని అన్నం ముద్దలు నోటికందించేది.

“మావైపు పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం” అంది ఒకనాడు.

“ముసిల్దాన్ని పడ్డాను కదా, పంచు మరి! నీ సెయ్యి పిసినారిదని పేటంతా తెలుసు.”

నోరు బాగానే ఉందని తాయారు కుదుటపడింది.

ఆ వారంలోనే వీధిలో నూకాలమ్మ పండగ వచ్చింది. డప్పులతో అమ్మవారి ఘటం గుమ్మం గుమ్మానికీ వస్తుంది. ఇంటి ఆడది ఘటం మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, ముఖమెత్తి బొట్టు పెట్టించుకోవాలి. గంగాలమ్మ చిన్నత్త పోతమ్మ పొద్దున్నే వచ్చి కూర్చుంది.

“అమ్మ గుమ్మంలోకొత్తే మొగం దాసుకుంతావేటే?”

“ఆవిడకి కళ్ళే కనబడవు కదండీ ఇప్పుడు” అంది తాయారు.

“ఇది అమ్మని సూడ్డం కాదు తల్లీ, అమ్మ దీని మొగం సూడాల. ఒక కన్ను ఇదివరకే అట్టుకుపోయింది. రెండోది దక్కాలా, వద్దా?”

ఎంత మాటకైనా రెండు మాటలు విసిరే గంగాలమ్మ మంచం పట్టెని రెండు చేతులా బిగించి పట్టుకుంది. పోతమ్మ పసుపునీళ్ళు కలపడానికి పెరట్లోకి వెళ్ళింది. వీధి మొదట్లో డప్పులు మోగాయి.

“వదినా, ఇలగ రా. నీ సెయ్యి నా మెడ మీద ఎయ్యి” అంది గంగాలమ్మ తాయారుతో.

“నొప్పెడుతోందా?”

“నెప్పి కాదు. ఆ డప్పు గుమ్మంలోకొచ్చీసరికి నా తల నా మాటినదు, దానంతటదే లెగిసిపోతాది. నువ్వు గట్టిగా అదిమి అట్టుకో. నాను ఏడిసినా, నిన్ను బూతులు తిట్టినా సెయ్యి తియ్యకు. అమ్మోరు అడిగితే, నీ అంతట నువ్వు ఆపలేదని, గంగాలే ఆపమందని సెప్పు.”