నేను ఆపేసిన ఆరు పంపులు

ఢిల్లీ పక్కనున్న బల్లభ్‌గఢ్‌కి ఇది నా రెండో ప్రయాణం. మొదటిసారి వెళ్ళి చేసిన తప్పు చెప్పడానికే మళ్ళీ వెళ్ళాను. విదేశీ కొనుగోలుదారుల తరఫున ఇక్కడి యంత్రాలను ఓడకెక్కించే ముందు తనిఖీ చేయడం నా ఉద్యోగం. రెండు వారాల క్రితం కెన్యా వెళ్ళాల్సిన ఆరు పెద్ద నీటి పంపుల షాఫ్టులు, అంటే తిరిగే ఇరుసులు, ఊగుతున్నాయని నా గేజ్‌తో కొలిచి రాసి, సరుకు ఆపేశాను. ఆ షాఫ్టుల్ని గ్రైండింగ్ మెషీన్ మీద నునుపుగా అరగదీసిన సునీతను అందరి ముందు "కళ్ళు మూసుకుని పని చేస్తావా?" అని అడిగాను. తర్వాత నోయిడాలో ఇంకో ఫ్యాక్టరీలోనూ నా గేజ్ అంతే తేడా చూపించింది. అనుమానమొచ్చి చూస్తే దాని స్టాండు బోల్టు వదులుగా ఉంది. ఊగింది షాఫ్టులు కాదు, నా గేజ్.

జనక్‌పురి వెస్ట్‌లో ఉదయం ఏడున్నరకి మెట్రో ఎక్కి, కాల్కాజీ మందిర్‌లో వయొలెట్ లైన్‌కి మారితే చివరి స్టేషనే బల్లభ్‌గఢ్. దాదాపు రెండు గంటలు, టికెట్ అరవై చిల్లర. అక్కడి నుంచి ఫ్యాక్టరీల వీధికి షేర్ ఆటోలో ఇరవై. "ఇంటర్వ్యూకా దీదీ? ముఖం అలా ఉంది" అన్నాడు డ్రైవరు. ఔనన్నాను. అబద్ధమే తేలికనిపించింది.

యజమాని అరోరా గారు గేటు దాకా ఎదురొచ్చారు. "మీరు చెప్పాక ఆరు షాఫ్టులూ కొత్తవి చేయించాం మేడమ్. సునీతని ప్యాకింగ్‌లోకి మార్చేశాం. మీరు పట్టుకోబట్టి పరువు దక్కింది" అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. బోల్టు బిగించిన గేజ్‌తో కొత్త షాఫ్టులు కొలిచి, బాగున్నాయని రాసి సంతకం పెట్టాను. ఇక ఎవరికీ తెలియదులే అని ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

పన్నెండున్నరకి భోజనాల వేళ సునీత తన డబ్బా మూత పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులో రెండు రొట్టెలు, కాస్త ఆలూ కూర. "తినండి మేడమ్. ఒక్కటి అడగనా? పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్నా. ఎక్కడ తప్పు చేశానో నాకు అంతుపట్టడం లేదు. చూపిస్తే మళ్ళీ చేయను."

రొట్టె పక్కన పెట్టాను. "తప్పు నీది కాదు. నాది" అన్నాను. బోల్టు సంగతంతా చెప్పాను. ఆమె వెళ్ళి, తుక్కులో పడేసిన పాత షాఫ్టు ఒకటి తెచ్చి, తుడిచి, ఫ్యాక్టరీ గేజ్‌తో కొలిచింది. షాఫ్టు ఎంత తిప్పినా ముల్లు కదల్లేదు. ఏమిటా అని వచ్చిన అరోరా గారు ముల్లు వంక, నా వంక మార్చి మార్చి చూశారు.

"రెండు వారాలుగా నా చేతుల్నే నమ్మలేదు మేడమ్" అంది సునీత. నేను క్షమించమన్నాను. "నాకొక్కదానికి చెబితే ఎలా? ఆ రోజు అందరి ముందు అన్నారు కదా. ఇదీ అందరి ముందు చెప్పండి."

అరోరా గారు మెషీన్లు ఆపించారు. ఇరవై మంది చుట్టూ నిలబడ్డారు. నా వచ్చీరాని హిందీలో "గల్తీ మేరీ థీ", తప్పు నాదే, అని మొదలుపెట్టి అంతా చెప్పాను. సునీత ప్యాకింగ్ చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, తన గ్రైండింగ్ మెషీన్ దగ్గరికి నడిచి స్విచ్ వేసింది. ఆపమని అరోరా గారు అనలేదు.

అక్కడే కూర్చుని మా ఆఫీసుకీ, కెన్యా వాళ్ళకీ మెయిల్ రాశాను. రెండు నెలలు ఫ్యాక్టరీలకు వెళ్ళొద్దని ఆఫీసు చెప్పింది. అది న్యాయమే. సముద్రం అవతలి వాళ్ళు నా సంతకం చూసే సరుకు కొంటారు. సంతకం వెనక ఒక మనిషి చేతులుంటాయని ఇన్నేళ్ళూ నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ వీధికి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళాలంటే ఇంకా సిగ్గుగానే ఉంది.

ఇలాంటి తనిఖీకి వెళ్ళేవారికి ఒక్క మాట: తప్పుందని రాసే ముందు, ఆ వస్తువు చేసిన మనిషిని పిలిచి, వాళ్ళ గేజ్‌తో వాళ్ళనే కొలవమనండి. పట్టేది పది నిమిషాలే.