ఒకటి తర్వాత పది

కోరుట్లలో మా ఇంటి మీది గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఒకదాని సర్వర్లు చూసుకుంటాను. కంప్యూటర్‌కు కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే కిందటి కమాండ్ మళ్లీ నడుస్తుంది. cd కమాండ్ పక్కన చిన్న గీత పెడితే ఇందాకటి ఫోల్డర్‌లోకి వెనక్కి పోవచ్చు. ఇలాంటిది కొత్తగా తెలిసినప్పుడల్లా ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఎవరికి చెప్పను? మా ఆయన దుబాయ్‌లో. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే.

"గవన్ని నాకేం సమజైతయ్ బిడ్డా, ఇంత చాయ్ పెట్టు" అంటుంది.

ఆయన మారిపోయాడా, లేక నేనే ఊహించుకుంటున్నానా? కొన్నాళ్లుగా నాకు ఇదే గోల. అడిగితే, "డ్యూటీ ఎక్కువున్నదే. నీకు అన్నిటికి అనుమానమే" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత అడగబుద్ధి కాలేదు.

ఫోన్ నిండిపోయిందని ఆయన వాయిస్ మెసేజ్‌లన్నీ వచ్చిన వరసలోనే లాప్‌టాప్‌లోకి మార్చి, 1, 2, 3 అని పేర్లు పెట్టాను. కొడుకు గొంతు వినాలని అత్తమ్మ ఒకటే పోరు. సరేనని, వాటన్నిటినీ ఒకదాని వెంట ఒకటి వినిపించే చిన్న స్క్రిప్ట్ రాశాను. కొత్త రూమ్‌లో ఏసీ చల్లగా ఉందన్నాడు. కాసేపటికి, "ఎయిర్‌పోర్టుల ఉన్న, లోపలికి పోతున్న" అన్నాడు.

"ఓయమ్మో! రూమ్‌ల పన్నంక ఎయిర్‌పోర్టుకు పోయిండా వీడు?" అని అత్తమ్మ పడీపడీ నవ్వింది.

నేనూ నవ్వాను. మెసేజ్‌లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒకటి పొడుగు. ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు, నాదే పిచ్చి అనుకుని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

కానీ వరస తప్పితే నాకు తిక్క. మర్నాడు చూస్తే సంగతి తెలిసింది. నా స్క్రిప్ట్‌లో ఫైళ్ల జాబితా తీసే ls కమాండ్ అంకెల్ని అక్షరాల్లాగే చూస్తుంది. 1 తర్వాత 10, 11 అన్నీ అయ్యాకే 2 వస్తుంది. దానికి -v చేరిస్తే మనం లెక్కపెట్టే వరస వస్తుంది. చాలామందికి తెలియని చిట్కా ఇది. సంబరంగా చేర్చి, మధ్యాహ్నం అత్తమ్మను పిలిచాను.

మొదట్లో ఎన్ని ముచ్చట్లో! వండుకున్న కూర, పక్క మంచం వాడి గురక, నా మీద బెంగ. సగానికి వచ్చేసరికి నన్ను పేరు పెట్టి పిలవడం పోయింది. ఆ తర్వాత "తిన్నవా?", "అవ్వ మందులేసుకున్నదా?" అంతే. చివరికి "సరే". మళ్లీ "సరే". ఏ ఒక్క రోజూ పెద్దగా మారలేదు, అందుకే నాకు అంతుపట్టలేదు. ఏడుపు ఆగక మొహం గోడవైపు తిప్పుకున్నాను.

అత్తమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

"గిది వద్దు బిడ్డా. నిన్నటిది పెట్టు. నిన్న మంచిగ మాట్లాడిండు."