బోల్టు మూడు చక్రాల బండి

బస్సు డిపో వర్క్‌షాపులో అతన్ని బోల్టు అనేవారు. పొట్టిగా, గట్టిగా, ఎవరికీ లొంగనట్టు ఉండేవాడు. నలభై దాటాక కాళ్లలో పట్టు తప్పడం మొదలైంది. నరాల జబ్బని, మందు లేదని, పాదాల దగ్గర మొదలై నెమ్మదిగా పైకి పాకుతుందని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విని భార్య ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. బోల్టు మాత్రం, రెండు చక్రాల సైకిలు ఇక తన వల్ల కాదని అక్కడే తేల్చుకున్నాడు.

పాత ఇనుప గొట్టాలు కోసి, అతికించి, వెనక్కి వాలి కాళ్లు చాపుకుని తొక్కే బండి ఇంట్లోనే తయారుచేశాడు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పెడళ్లు ముందు చక్రాలకంటే ఇంకా ముందుంటాయి. దాని మీద డిపోకి వెళ్తుంటే, వ్యాను నడిపే తమ్ముడు పక్కకొచ్చి హారన్ కొట్టి, మా అన్న పడుకునే డ్యూటీకి పోతాడని వీధంతా వినిపించేలా నవ్వేవాడు.

జబ్బు ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా బండికి ఏదో ఒకటి చేరేది. పాదాలు జారిపోతుంటే పెడళ్లకు మడమ ఆనే రేకులు, తోలు పట్టీలు బిగించాడు. తొడల్లో సత్తువ తగ్గితే చిన్న గేరు వేశాడు. తర్వాత వెనక చక్రానికి మోటారు, సీటు వెనక బ్యాటరీ వచ్చాయి. వేళ్లు కూడా మొద్దుబారాక స్పానరు భార్య చేతికి వెళ్లింది. ఈ ఇంట్లో ఉప్పుడబ్బా కంటే గ్రీజుడబ్బానే ముందు ఖాళీ అవుతోందని ఆమె సణిగేది. సణుగుతూనే బ్రేకు వైరు లాగి బిగించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. మోటారు ఎలా లాగుతుందో చూస్తానని సరదాపడి, ఎక్కి సందు చివరిదాకా వెళ్లివచ్చాడు. దిగేసరికి ఎడమ కాలికి చెప్పు లేదు. అది సందు మధ్యలో పడి ఉంది. ఊడిన సంగతే అతనికి తెలియలేదు.

బోల్టు ఆ చెప్పు వైపే చూశాడు. మొదట్లో తనకీ ఇలా చెప్పులే ఊడిపోయేవి.

‘‘ఎన్నాళ్లనుంచి రా?’’

‘‘ఏది?’’

‘‘నీ కాలు సంగతే.’’

తమ్ముడు తల దించుకున్నాడు. ‘‘వానలప్పటినుంచి అన్నా. క్లచ్ తొక్కుతున్నానో లేదో తెలియట్లేదు. ఇంట్లో చెప్పలేదు.’’

బోల్టు భార్య వెళ్లి చెప్పు తెచ్చి మరిది కాళ్ల దగ్గర పెట్టింది. రేపటినుంచి వ్యాను ముట్టుకోవద్దని, ఎవరి పిల్లల మీదికైనా ఎక్కిస్తే ఏం సమాధానం చెబుతావని బోల్టు గట్టిగానే అన్నాడు. తర్వాత భార్యను పెడళ్ల గొట్టం వదులు చేయమన్నాడు. తమ్ముడు తనకంటే జానెడు పొడవు.

‘‘మరి మీరు దేని మీద వెళ్తారు?’’ అందామె.

‘‘నేనింక వెళ్లలేను. మొన్న డిపో గేటు దగ్గర బ్రేకు పట్టలేక గోడకు గుద్దాను. నీకు చెప్పలేదు.’’

ఆమె అతని ముఖంలోకి చూసింది. స్పానరు అందుకుని కింద కూర్చుంది. గొట్టం ముందుకు జరిపితే చైను చాలలేదు. పాత ముక్క వెతికి, పిన్ను కొట్టి కలిపింది. తమ్ముడు సీట్లో వాలి, ఎడమ పాదాన్ని చేత్తో ఎత్తి పట్టీలో పెట్టుకున్నాడు. బిగిసిందా అని బోల్టు అడిగాడు. తెలియడం లేదన్నాడు తమ్ముడు.

మళ్లీ వానలొచ్చేసరికి బోల్టు మంచం పట్టాడు. తమ్ముడు ఆ బండి మీద ఒక గోదాముకు కాపలా పనికి వెళ్తున్నాడు. సెలవు దొరికినప్పుడు అన్న మంచం పక్కనే బండి విప్పుతారు. ఏ బేరింగు అరిగిందో చప్పుడు విని బోల్టు చెబుతాడు. ముద్దముద్దగా వచ్చే ఆ మాట ఈమధ్య భార్యకొక్కదానికే అర్థమవుతోంది. ఆమె విని మరిదికి చెబుతుంది.