తోలు సీట్ల కారు

మా బావకు బోలెడు కార్లున్నాయి. తలుపులు తెరుచుకునేవి, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరిగేవి, వానకు తడిసి తుప్పు పట్టినట్టు కనిపించేవి. అన్నీ ముందుగదిలో అద్దాల బీరువాలో బారులు తీరి ఉంటాయి. పనికి వెళ్ళడానికి మాత్రం రోజూ సిటీబస్సు వెంట పరుగెత్తాల్సిందే. అందుకే వీధిలో అందరూ ఆయన్ని కార్ల షావుకారు అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. మరదలిని, నాకు ఆమాత్రం హక్కు లేకపోతే ఎలా?

ఆయన ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. వెనకగదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. చీమ తలంత మరలు, వాటికి తగ్గ స్క్రూడ్రైవర్లు, కంటికి భూతద్దం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మళ్ళీ అవే పనిముట్లు పట్టుకుంటాడు. "పగలంతా రాళ్ళు కొట్టినవాడు సాయంత్రం సరదాకి రాళ్ళు కొడతాడా బావా?" అని అడిగానొకసారి. "అది ఉద్యోగమే. ఇది నాది" అన్నాడు. మా అక్క వంటింట్లోంచి, "అవును, నేను ఉద్యోగం లెక్కలోకి వస్తాను" అంది.

డబ్బాలో కారు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముక్కలన్నీ అతికించి రంగు వేస్తే పిల్లల బొమ్మ తయారవుతుంది. మా బావకు అసలు పని అక్కడే మొదలవుతుంది. ఇంజన్లో వైర్లకు దారప్పోగులు, సీటు బెల్టుకు రిబ్బను చీలిక, బెల్టు బకిలుకు మందుబిళ్ళల రేకు. ఇంట్లో ఏ వస్తువు కనబడినా అది కారులో దేనికి పనికొస్తుందా అనే చూపే. ఒకసారి అక్క టీ వడగట్టే జాలీ కత్తిరించి కారు ముందు గ్రిల్లు చేశాడు. కోపం తగ్గేదాకా అక్క వడగట్టకుండానే టీ ఇచ్చింది. ఆయన నలకలతో సహా నోరెత్తకుండా తాగాడు. వాళ్ళ కాపురంలో తగువులు అలాగే వచ్చి అలాగే పోయేవి.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన పని కొత్తదాన్ని పాతబరచడం. నిగనిగలాడే రంగు వేసి, దాన్ని మళ్ళీ గీకి, పొడిరంగు రుద్ది, డ్రైవరు చేయి ఆనే చోట తలుపు అంచు కాస్త వెలిసిపోయేలా చేసేవాడు. "కొత్తగా ఉందంటే దాన్నెవరూ ప్రేమించలేదని అర్థం" అని డైలాగు కూడా చెప్పేవాడు. ఇప్పుడు ఆ పని మానేశాడు. ఈమధ్య ఆయన చేసే కార్లన్నీ షోరూములోంచి అప్పుడే దిగినట్టుంటాయి. ఎందుకు మానేశాడో చెబుతాను.

ఇలాంటి బొమ్మకార్లు చేసేవాళ్ళ క్లబ్బు ఒకటుంది. దాని ప్రదర్శన కోసం పైకప్పు లేని ఎర్ర కారు మొదలుపెట్టాడు. రెండే సీట్లు. పైకప్పు లేదు కాబట్టి చూసేవాళ్ళ కన్ను ముందు సీట్ల మీదే పడుతుంది. రంగేసిన ప్లాస్టిక్కు ఎంతైనా ప్లాస్టిక్కే. అసలైన తోలే తొడగాలని పట్టుబట్టాడు. కానీ కొత్త తోలు ఎంత చెక్కినా మందమే, ఆ బుల్లి సీటు మీద పరుపు చుట్టినట్టుంటుంది. మనిషి చేతిలో ఏళ్ళ తరబడి నలిగిన తోలయితేనే కాగితంలా పలచబడుతుంది, దాని ముడతలూ సన్నబడతాయి. అలాంటి తోలుకు ఆయన దగ్గర కొరత లేదు. కొత్త జోడు కొన్నవాళ్ళు పాత కళ్ళజోడు కేసును షాపులోనే వదిలేసి పోతారు. వాటన్నిటినీ ఇంటికి తెచ్చి ఒక అట్టపెట్టెలో పోగేసుకున్నాడు.

మా అమ్మకూ అలాంటి కేసే ఉండేది. అమ్మ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఏదైనా ఆలోచిస్తుంటే కేసు మూత మీద బొటనవేలితో రుద్దుతూ ఉండేది. మమ్మల్ని తిట్టాలా వద్దా అని ఆలోచించేటప్పుడూ అంతే, ఆ వేలు ఆగిందంటే మేం పరుగందుకునేవాళ్ళం. ఒకసారి కేసు కుట్టు విడిపోతే చేతికందిన ఆకుపచ్చ దారంతో వంకరటింకరగా కుట్టేసుకుంది. ఊరందరి తప్పులూ దిద్దే మనిషి కుట్టు అది. అమ్మ పోయాక ఆ కేసు నాకిమ్మని అడిగాను. "పెద్దదాన్ని, నా దగ్గరుండనీ" అంది అక్క. నేను మూతి ముడుచుకున్నాను గాని మళ్ళీ అడగలేదు.

ఆ మధ్య అక్క ఇంటికి రంగులు వేయించారు. సొరుగులన్నీ ఖాళీ చేసి సామాను పెట్టెల్లోకి సర్దింది బావే. కళ్ళజోడు కేసు కనిపిస్తే కళ్ళజోడు కేసుల పెట్టెలో వేశాడు. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు.

ఆ తర్వాత జరిగింది ఆయన నోటితోనే విన్నాను. కళ్ళు మూసుకుని, పెట్టెలోని కేసుల్ని ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నలిపి చూశాడట. ఒకదాని మూత మిగతావాటికన్నా మెత్తగా, పలచగా తగిలింది. ఆ మూతలోంచి డ్రైవరు సీటుకు సరిపడా ముక్క కోశాడు. అతికించాడు. ఆ సీటు మీంచి అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టుందట. రెండో సీటు కోసం కేసును తిరగేసేసరికి ఆకుపచ్చ దారం కుట్టు కనబడింది.

అది అత్తగారి కేసని అప్పుడు తెలిసిందన్నాడు. వంటింట్లో అక్క కూనిరాగం తీస్తోందట. అప్పుడే కత్తి కిందపెట్టి అక్కను పిలిచి ఉంటే, నాలుగు తిట్లు తిని, ఆర్నెల్లు నలకల టీ తాగి బయటపడేవాడు. మిగిలిన కేసైనా దక్కేది. కానీ ఒక సీటు ఒక తోలూ ఇంకో సీటు ఇంకో తోలూ అయితే అతకదు కదా. ఎలాగూ కోశాను కదా, అనుకున్నాడు. రెండో సీటుకూ ఆ కేసులోంచే కోశాడు. మిగిలిన పీలికలను మర్నాడు షాపు చెత్తబుట్టలో పడేశాడు.

మొదటిది పొరపాటు, ఒప్పుకుంటాను. రెండోదానికి ఏం పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు. ఆయనకు మాత్రం తెలుసు. ఆ రోజునుంచి ఎర్ర కారు చేయడంలో ఆయనకు సుఖం లేకపోయింది.

ప్రదర్శనకు నేనూ అక్కా కూడా వెళ్ళాం. ఒక పెద్దాయన చిన్న టార్చి వేసి కారులోకి తొంగిచూసి, "ఈ తోలు ఎక్కడ దొరికిందండీ మీకు?" అని మెచ్చుకోలుగా అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బావ "ఏదో పాతదండీ, పారేసినదండీ, ఎవరిదో" అని అడగనిదానికి కూడా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. "సీట్లు ఎంత బాగా కుదిరాయండీ!" అని అక్క మురిసిపోయింది. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆయన కళ్ళు మూసుకుని కిటికీకి ఆనుకున్నాడు. అలసిపోయాడనుకున్నాం.

అక్క బస్టాండులో రిజర్వేషన్ కౌంటరులో పనిచేస్తుంది. ఉన్నట్టుండి టికెట్ల మీద చిన్న అక్షరాలు కంటికి ఆనడం మానేశాయి. బావ షాపుకే వెళ్ళి పరీక్ష చేయించుకుంది, ఆయనే జోడు బిగించి ఇచ్చాడు. షాపువాళ్ళు కొత్త కేసు ఇవ్వబోతే వద్దంది. "మా అమ్మ కేసుంది ఇంట్లో. దాన్లోనే పెట్టుకుంటాను." ఆ మాట అంటున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు.

ఆమె ఇల్లంతా వెతికింది. పరుపులు ఎత్తి, బీరువాలు జరిపి వెతికింది. చివరికి ఒక ఆదివారం నేను వెళితే, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "అప్పుడు నువ్వే కదే అడిగావు" అంది.

"అడిగితే?"

"ఏం లేదు. రంగులేసేటప్పుడు వచ్చి సర్దడానికి సాయం కూడా చేశావు."

"అంటే నేను ఎత్తుకుపోయాననా?"

"నేనలా అనలేదు."

"అనడానికి ఇంకేం మిగిల్చావక్కా?"

పాత గొడవలన్నీ ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరు ఎక్కువ కూర్చున్నారు అన్నదాకా వెళ్ళింది. బావ కిటికీ దగ్గర కూర్చుని తేలు కుట్టిన దొంగలా ఏదో చక్రాన్ని తుడుస్తూనే ఉన్నాడు. ఎప్పటికో, "పోనీలే, ఇంట్లోనే ఎక్కడో ఉంటుందిలే, దొరుకుతుందిలే" అన్నాడు. ఆ 'లే' తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. అక్కతో మాటలు ఆగిపోయాయి.

అక్క సరిగా తినడం మానేసిందట. పడుకునేముందు, "దాన్ని అలా అనకుండా ఉండాల్సిందండీ. కానీ ఇంకెవరు తీస్తారు?" అని ఆయన్నే అడిగేదట. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? మా బావ నిజం చెప్పలేదు. తనకు చేతనైన పని మొదలుపెట్టాడు.

అవే కొలతలతో కొత్త కేసు తెచ్చాడు. షాపులో మధ్యాహ్నాలు అన్నం మానేసి వెనకగదిలో దాన్ని అరగదీశాడు. ఉప్పుకాగితంతో రుద్ది, టీ నీళ్ళలో నానబెట్టి, మూత మీద తన బొటనవేలితోనే రుద్ది రుద్ది పలచబరిచాడు. అమ్మదాని మీద ఉన్నట్టే ఓ మూల సిరా మరక వేశాడు. అమ్మ కేసుకు విడిపోయిన చోటే కుట్టు తనే విప్పి, ఆకుపచ్చ దారంతో అమ్మలాగే వంకరగా కుట్టాడు. అమ్మ వాడిన తలనూనె ఏదో ఆయనకు గుర్తుంది, అది కొని లోపల రాశాడు. జన్మలో ఏ కారునూ అంత శ్రద్ధగా చేయలేదన్నాడు. తర్వాత ఒక సాయంత్రం సొరుగు లాగి దాని వెనక సందులో చేయిపెట్టి, "ఇదిగో, ఇక్కడ పడిందే!" అని అరిచాడు.

అక్క వెంటనే నాకు ఫోన్ చేసింది. "దొరికిందే, నువ్వు రావే" అని ఏడుస్తుంటే కాదనలేకపోయాను. వెళ్ళేసరికి కేసును రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. నా చేయి పట్టుకుని లాగింది. "నా నోరు పడిపోను. సొంత చెల్లెల్ని దొంగను చేశాను. నన్ను నాలుగు తిట్టవే." తిట్లు చాలానే దాచుకుని వెళ్ళాను గాని ఒక్కటీ గుర్తురాలేదు. అక్క కేసు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నా ముఖం దగ్గర పెట్టి, "చూడు, ఇంకా అమ్మ వాసన వస్తోంది" అంది.

నేనూ వాసన చూశాను. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం.

బావ టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఆయనవైపు తిరిగి, "నాకంటే పాపిష్టిది ఉంటుందాండీ? దీన్ని ఎంత మాటన్నాను!" అంది. ఆయన కప్పులు కింద పెట్టాడు.

"అది మీ అమ్మది కాదు" అన్నాడు.

నిలబడే అంతా చెప్పాడు. మొదటి ముక్క, రెండో ముక్క, చెత్తబుట్ట, టీ నీళ్ళు, నూనె. ఏదీ దాచలేదు. అయ్యాక అక్క, "మూత ఏ సీటు?" అని మాత్రం అడిగింది. ఆయన ఎర్ర కారు తెచ్చి చూపించాడు. "డ్రైవరుది." ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"తెలియక కోశారు. సరే" అంది. "తెలిశాక కూడా కోశారు. కాపురం చేస్తున్నాను కాబట్టి అదీ ఎప్పటికో మింగుతాను. దీన్ని నేను దొంగంటుంటే పక్కన కూర్చుని ఊరుకున్నారే, దానికి క్షమాపణ దీన్నే అడగండి, నన్ను కాదు. కానీ ఈ కేసెందుకు చేశారండీ?"

"నువ్వు బాధపడుతుంటే చూడలేక."

"నూనె ఎంత రాశారు?"

"రెండు చుక్కలు."

"రెండు చుక్కలకే నాకు మా అమ్మ వచ్చేసింది" అంది అక్క. గొంతు పెంచలేదు. "ఇంతకాలం కళ్ళు మూసుకుంటే అమ్మ వాసన తెలిసేది నాకు. ఇకమీదట అమ్మదనుకున్నదల్లా నిజంగా అమ్మదేనా, మీరు రాసిన నూనెదా అని వెతుక్కోవాలి. అది ఎవర్ని అడిగి తెలుసుకోను?"

అక్క నావైపు తిరిగింది.

"నీకూ వచ్చింది కదే, వాసన?"

రాలేదని చెప్పి ఉంటే, అమ్మ అసలు వాసన నాకైనా గుర్తుందని ఆమెకు కాస్త ఊరటగా ఉండేదేమో. చెబుదామనే నోరు తెరిచాను.

"వచ్చిందక్కా" అన్నాను.