దీపాల వేళ వేసిన తలుపు

మా అత్తగారు పోయారు. మొన్న మాఘమాసంలో, సరిగ్గా దీపాల వేళ, తలుపులన్నీ వేసి ఉన్న ఇంట్లో ఆవిడ ప్రాణం పోయింది. నడిమి గదిలో మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. లైటు లేదు. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి తెలిసింది. ఆ సంగతి ఇరుగుపొరుగుకి చెప్పాలంటే వీధి తలుపు తీయాలి. ఆ వేళప్పుడు మా ఇంట్లో వీధి తలుపు తీసి ఎన్నో ఏళ్ళయింది. ఎందుకు తీయమో చెబితే తప్ప ఆవిడ ఎలాంటి మనిషో చెప్పలేను.

మాది భీమవరం వైపు చిన్న ఊరు. నేను కాపురానికి వచ్చేనాటికి మా ఇంటి చుట్టూ వరిచేలే. తరువాత ఒకరిని చూసి ఒకరు చేలని చేపల చెరువులు చేశారు. ఇప్పుడు మా ఇంటికి మూడు పక్కలా నీళ్ళు, ముందు రోడ్డు. చెరువులతో పాటు పురుగు వచ్చింది. చూడడానికి దోమలా ఉంటుంది కానీ కుట్టదు. చెరువు అడుగున బురదలో పుట్టి, పొద్దు వాలగానే మబ్బులా లేచి, వెలుతురు ఎక్కడ ఉంటే అక్కడికి వస్తుంది. ట్యూబ్‌లైటు చుట్టూ గోడ నల్లబడిపోతుంది. అన్నంలో, మంచినీళ్ళ బిందెలో, పక్కబట్టల మీద అదే. తెల్లారి ఊడిస్తే చేటల కొద్దీ చచ్చిన పురుగు. మేం దాన్ని చెరువు పురుగు అనేవాళ్ళం. కుట్టదు కాబట్టి మా బాధ ఎవరికీ బాధలా కనిపించలేదు. ఇల్లు అమ్మేద్దామని మా వారు ఒకటి రెండుసార్లు అనుకున్నారు. చుట్టూ నీళ్ళున్న ఇల్లు ఎవరు కొంటారు? ఎవరూ కొనలేదు.

మా మామగారు పోయాక అత్తగారు వీధి గదిలో సాయంత్రం పూట పునుగులూ బజ్జీలూ వేసేవారు. ఆ బాండీ మీదే ఇల్లు గడిచింది. ట్యూబ్‌లైటు కింద జనం నిలబడి తినేవారు. పురుగు వచ్చిన కొత్తల్లో బస్సు కండక్టరు ఒకాయన పొట్లం విప్పి చూసి, "ఏంటండీ మామ్మగారూ, ఈ మధ్య మిరియాలు దండిగా వేస్తున్నారు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. ఆయన చేతిలోని పొట్లం తీసుకుని పక్కన పారేసి, పొయ్యి ఆర్పేశారు. మర్నాటి నుంచి పునుగులు మధ్యాహ్నం ఎండలోనే. "ఇప్పుడు ఎవరు తింటారండీ?" అని నేను భయపడ్డాను. "పునుగు తినడానికి ముహూర్తం ఏంటమ్మాయ్?" అన్నారు. బడి వదిలే వేళకి పిల్లలు, చెరువు పని నుంచి ఇళ్ళకి వెళ్ళే కూలీలు వచ్చేవారు. బేరం సగమైంది. ఇల్లు మాత్రం నిలబడింది.

బేరం మార్చుకున్నంత తేలిగ్గా ఆవిడ దీపం వేళ మార్చుకోలేకపోయారు. పొద్దు వాలకముందే ఇల్లు ఊడ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి దగ్గర దీపం పెట్టి, వీధి తలుపు బార్లా తీసి ఉంచడం ఆవిడ పుట్టినింట నేర్చుకున్న పద్ధతి. లక్ష్మీదేవి వచ్చే వేళ అది. "దీపం పెట్టి తలుపు వేసుకోవడమంటే పిలిచి పొమ్మన్నట్టే" అనేవారు. పురుగు నేరుగా ఆ దీపం మీదకే వచ్చేది. ప్రమిదలో నూనె మీద పొరలా తేలేది. వత్తి చిటపటలాడేది. ఆవిడ ప్రమిద పక్కన కూర్చుని పుల్లతో ఒక్కొక్కదాన్ని తీసి పక్కన పెడుతూ, "దేవుడికి దీపం పెడుతున్నానో, చితి పెడుతున్నానో" అని కళ్ళు ఒత్తుకునేవారు.

పంచాయతీ వాళ్ళు ఒకసారి పొగ మందు కొట్టి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ మామూలే. ఆవిడకి తోచింది సాంబ్రాణి. నిప్పుల మీద సాంబ్రాణి, ఎండు వేపాకు కలిపి, ఇల్లంతా కమ్మేలా పొగ వేసేవారు. పురుగు కొంచెం తగ్గినట్టే ఉండేది. నాకు మాత్రం గొంతు బిగుసుకునేది. ఏవో జలుబులు అనుకున్నాం. ఒక సాయంత్రం ఆ పొగలోనే గుమ్మం దగ్గర కూలబడిపోయాను. ఊపిరి లోపలికి వెళ్ళడం లేదు. మా వారు మోటారు సైకిల్ మీద కూర్చోబెడితే, వెనక అత్తగారు నన్ను పట్టుకుని కూర్చున్నారు. ముగ్గురం అలాగే భీమవరం వెళ్ళాం.

డాక్టరుగారు చిన్నవాడు. చచ్చిన పురుగు ఎండి పొడైపోయి గాలిలో కలుస్తుందని, అది నా ఒంటికి పడడం లేదని, పొగతో ఇంకా ముదిరిందని చెప్పారు. పురుగు లోపలికి రాకుండా చూసుకోవాలి, లేదా ఇల్లు మారాలి అన్నారు.

అత్తగారు అడిగారు. "దోమకి మందుంది కద బాబూ. దీనికి లేదా?"

"కుట్టదు కదండీ మామ్మగారూ. రోగం మొయ్యదు. అందుకని దీని జోలికి ఎవరూ వెళ్ళరు."

"మరి మా అమ్మాయికి వచ్చిందేంటి?"

ఆయన మందుల చీటీ రాసిచ్చారు. మర్నాడు సాయంత్రం నేను మంచం మీద ఉన్నాను. ఆవిడ ఇల్లు ఊడ్చారు, కాళ్ళు కడుక్కున్నారు. ఎండ ఇంకా అరుగు మీద ఉండగానే దీపం వెలిగించారు. పొద్దు వాలే వేళకి నూనె అయిపోయి అది కొండెక్కింది. అప్పుడు వెళ్ళి వీధి తలుపు వేసి గడియ పెట్టారు. అంత పెద్ద చప్పుడు మా ఇంట్లో అంతకు ముందు నేను వినలేదు.

అక్కడి నుంచి ఆవిడ పురుగుని బయటే ఉంచడానికి పూనుకున్నారు. తన పాత వాయిల్ చీరలు రెండేసి మడతలు వేసి కిటికీలకి కట్టారు. ట్యూబ్‌లైట్లు తీయించి పసుపుపచ్చ బల్బులు పెట్టించారు. పెరట్లో దూరంగా ఒక తెల్లని బల్బు వేలాడదీసి, కింద సబ్బు నీళ్ళ తొట్టె పెట్టారు. వచ్చింది వచ్చినట్టు అందులో పడేది. మురుగు కాలవలో బురద నిలవకుండా తనే పారతో తీసేవారు. నన్ను చీపురు పట్టనిచ్చేవారు కాదు. తడిగుడ్డతోనే తుడిచేవారు, పొడి లేస్తుందని. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా పనిచేయలేదు. అన్నీ కలిస్తే నేను ఊపిరి పీల్చుకోగలిగేంత పనిచేశాయి.

అయినా పురుగు ఎక్కువగా లేచే రోజుల్లో పొద్దు వాలిన దగ్గర్నుంచి వంటల వేళ దాకా లైట్లన్నీ ఆర్పి, నడిమి గదిలో చాప వేసుకుని ఇద్దరం కూర్చోవలసిందే. ఆవిడ దేవుడి నామాలు చెప్పేవారు, నేను అందుకునేదాన్ని. చలికాలంలో పరవాలేదు. ఉక్క రోజుల్లో ఆ గది పొయ్యి. గోడ అవతల పిల్లల ఆటలు, సైకిలు బెల్లులు, ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తూ ఉండేవి. మేం మాత్రం అందులో లేం. ఒక్కోరోజు గోడలు కొంచెం కొంచెంగా దగ్గరకి జరుగుతున్నట్టు ఉండేది. అలాంటప్పుడు ఆవిడే ఏదో ఒకటి అనేవారు.

"అత్తనీ కోడలినీ చీకటి గదిలో పెట్టి తలుపేశారు ఈ చెరువులాళ్ళు. ఎవరు ఎవర్ని కొరికేస్తారోనని ఊరంతా ఎదురుచూస్తా ఉండుంటది."

"మీరే ముందు కొరుకుతారండీ."

"నాకు పళ్ళేవే?"

ఆవిడ మెత్తని మనిషేమీ కాదు. నా చారులో చింతపండు గురించి ఆ చీకట్లోనే ఎన్నో తగాదాలు పడ్డాం. లేచి వెళ్ళిపోవడానికి ఇద్దరికీ చోటు లేదు కాబట్టి, అక్కడే రాజీ పడేవాళ్ళం.

మా వెనక చెరువు లీజుకి చేసే ఆయన షెడ్డు మీద పెద్ద లైటు ఒకటి ఉంది. దాని వెలుతురు నేరుగా మా ఇంటి మీద పడుతుంది. దాన్ని అవతలి గట్టుకి మార్చమని అత్తగారు ఆయన్ని ఎన్నిసార్లు అడిగారో.

"దొంగలు పడతారండీ మామ్మగారూ. షెడ్డులోనే కదా మేతంతా ఉండేది" అనేవాడు.

"నీ చేపలకి దొంగలొస్తారని నువ్వు లైటేసుకుంటున్నావు. మా ఇంటికి లక్ష్మి వస్తుందని నేను దీపం పెట్టుకోలేకపోతన్నాను. చూడు నాయనా."

ఆయన తల గోక్కునేవాడు. పునుగులు తిని వెళ్ళిపోయేవాడు. లైటు అక్కడే ఉండేది. అయితే ఆవిడ మాట పట్టుకుని పురుగుకి మేతయ్యే కోళ్ళ ఎరువు చెరువులో వేయడం కొంత తగ్గించాడు. బురద కెలికి పురుగుని తినే బంగారు తీగ చేపలు కూడా వదిలాడు. ఆ ఏడు పురుగు కాస్త పలచబడింది.

కార్తీకమాసం ఆవిడకి కష్టంగా గడిచేది. ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ దీపాలు. మా గుమ్మం ఒక్కటే చీకటి. ఒక పౌర్ణమినాడు నేను ఉండబట్టలేక, "అత్తయ్యగారూ, ఇవాళ ఒక్కరోజు తలుపు తీసి గుమ్మంలో దీపాలు పెట్టుకోండి. నేను వెనక గదిలో తలుపేసుకుని ఉంటాను" అన్నాను.

"నువ్వు వెనక గదిలో దాక్కుంటే వచ్చే లక్ష్మి నాకెందుకే?" అన్నారు.

ఆ మాట నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కిందటేడు ఆవిడ పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత మంచం దిగలేదు. చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. పొద్దు వాలగానే, "తలుపు తీశావా అమ్మాయ్?" అని అడిగేవారు. నేను జవాబు చెప్పేలోపే తనకే గుర్తొచ్చేది. "వద్దులే, వద్దులే" అని గోడ వైపు తిరిగిపోయేవారు. రోజూ అదే ప్రశ్న, అదే వద్దులే. మతి బాగున్న ఒక పూట మాత్రం నన్ను దగ్గరకి పిలిచారు. "నేను పోతే పొద్దుండగానే తీసుకుపొమ్మను. తల దగ్గర దీపం పెట్టాలంటారు, తలుపు తీయాలంటారు. వాళ్ళ మాట విని నువ్వు ఊపిరి మీదకి తెచ్చుకోకు" అన్నారు.

పొద్దుండగా పోవడం ఆవిడ చేతుల్లో లేదు కదా.

ఆవిడ పోయిన ఆ సాయంత్రం మా వారికి ఫోను చేశాను. ఆయన పనిచేసే రైసుమిల్లు నుంచి బయల్దేరారు. సామర్లకోటలో ఉన్న మా ఆడపడుచుకి చెప్పాను. తెల్లవారితే గానీ తీసుకెళ్ళరు. అంతదాకా దీపం లేకుండా ఆవిడని చీకట్లో ఉంచడమా? ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని గడియ తీశాను. పక్కింటి ఆడవాళ్ళు వచ్చారు. ఆవిడని వీధి గదిలో పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టాం. పెట్టీ పెట్టగానే పురుగు వచ్చేసింది. దుప్పటి మీద, ఆవిడ ముఖం మీద, వత్తి మీద. నేను కండువాతో విసురుతూనే ఉన్నాను. నా ఛాతీలో పిల్లికూతలు నాకే వినిపిస్తున్నాయి. "నువ్వు లోపలికి పోమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు వాళ్ళు. నేను కదలలేదు.

చెరువు ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడని చూశాడు. నన్ను చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి షెడ్డు మీద లైటు ఆరిపోయింది. ఆయన వ్యాను చప్పుడు గట్టు మీదుగా దూరంగా వెళ్ళింది. అవతలి గట్టు చివర, నీళ్ళ వైపు తిప్పి, దాని లైట్లు వెలిగించాడు. పురుగు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పలచబడుతూ అటు జరిగింది. ప్రమిదలో వత్తి నిటారుగా నిలబడి వెలిగింది. ఆవిడ తలదగ్గర దీపం, ఎదురుగా బార్లా తీసిన తలుపు. మా ఆడపడుచు వచ్చేసరికి కూడా అలాగే ఉంది. తను గుమ్మంలోనే ఆగిపోయి, "తలుపు తీశారేంటి వదినా!" అని అమ్మని చూసి ఏడ్చింది.

మర్నాడు సాయంత్రం షెడ్డు మీద లైటు మళ్ళీ వెలిగింది. ఆయనకి ఆయన దొంగల భయం. తప్పు పట్టను. పోయిన చోట దీపం ఉంచాలి కాబట్టి నడిమి గదిలో ప్రమిద పెట్టి, వీధి తలుపు వేసుకున్నాను. మా వాళ్ళందరూ ఊళ్ళకి వెళ్ళిపోయాక ఒక సాయంత్రం, ఆవిడతో కలిసి చదువుకున్న ఒక పెద్దావిడ పక్క ఊరి నుంచి పరామర్శకి వచ్చారు. బస్సు ఆలస్యమైందట, వచ్చేసరికి దీపాల వేళ అయింది. నేను తలుపు తీయబోతే, "వద్దమ్మా, మీ అత్త అంతా చెప్పింది నాకు. తీయకు" అని కిటికీ దగ్గరకి వచ్చి నిలబడ్డారు. మా ఇద్దరి మధ్యా వాయిల్ చీర. దాని అవతల వైపంతా పురుగు వాలి ఉంది. ఆవిడ ముఖం నాకు కనిపించలేదు, నాది ఆవిడకి కనిపించలేదు. తమ చిన్ననాటి కబుర్లు ఏవేవో చెప్పారు. నేను ఊఁ కొట్టాను. వెళ్ళొస్తానంటూ చివరికి అరచెయ్యి గుడ్డకి ఆనించారు. నేను ఇవతల నుంచి నా చెయ్యి ఆనించాను. వెచ్చగా తగిలింది.

ఆవిడ చెయ్యి తీశాక, ఆ చెయ్యి ఉన్నంత మేర గుడ్డ ఖాళీగా ఉండిపోయింది. అయిదు వేళ్ళతో సహా. అందులోంచి ఇంకా ఆరని ఆకాశం కొంచెం ఎర్రగా కనిపించింది. ఒక్కో పురుగూ వచ్చి వాలుతూ, ముందు వేళ్ళు, తరువాత అరచెయ్యి మెల్లగా పూడుకుపోయేదాకా అలా చూస్తూ కూర్చున్నాను.